పిట్టగోడ పక్క వరస

నాచారం పారిశ్రామికవాడలో మా ల్యాబ్‌కి ఒకవైపు నుంచి బిస్కెట్ల వాసన వచ్చేది, ఇంకోవైపు నుంచి కాలిన రబ్బరు వాసన. గాలి ఎటు వీస్తే ఆ రోజు మా మూడ్ అది. మూడోవైపు నుంచి ఏ వాసనా వచ్చేది కాదు. అక్కడ మూతపడ్డ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఒకటి, దాని ఆవరణలో ఎవరూ కత్తిరించని కాగితంపూల పొద ఒకటి ఉండేవి. మాది ఒకే అంతస్తు బిల్డింగ్. అందుకని ఆ పొద కొమ్మలు మా మేడ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, మేం చేసే సైన్స్ అంతా చూస్తుండేవి.

నేను చేరిన కొత్తలో ఆ పొద మీద జేబురుమాలంత మేర పసుపు దారాలు కనిపించాయి. ఎవరో పారేసిన సేమియా అనుకున్నాను. మరుసటి ఏడాదికి అది దుప్పటంత అయింది. అప్పుడూ సేమియానే అనుకున్నాను, కాకపోతే పెళ్ళివంట అయ్యుంటుందనుకున్నాను.

మేడ మీద, నీడ కోసం కట్టిన నెట్ కింద, మూడు వరసల కుండీల్లో ముళ్ళ అడవి వంగ మొక్కలు ఉండేవి. అవి అక్కవి. అక్క అంటే మా ల్యాబ్‌లో అందరికన్నా సీనియర్ రిసెర్చ్ స్కాలర్. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ టీచర్ల కుటుంబం. నాది జనగామ వైపు. చిల్కానగర్‌లో పై పోర్షన్ అద్దె. ఆమెను నేను అక్కా అంటాను, నన్ను ఆమె ఒరేయ్ అంటుంది. మొక్కల్ని పెంచడం, కోయడం, నూరడం ఆమె పని. వాటిలోంచి వచ్చిన జన్యు అక్షరాల్ని కంప్యూటర్‌లో వెతకడం నా పని. అంటే ఆమె చేతులకు ముళ్ళు, నాకు ఏసీ.

జన్యువు అనగానే ఏదో ఒకటి తయారుచేయించేది అనుకుంటాం. అక్క వెంటపడ్డ జన్యువుల పని ఆపించడం. వాటిలోంచి ఇరవై పైచిలుకు అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క వస్తుంది. అది తనకు జతపడే అక్షరాలున్న ఇంకో జన్యువు సందేశం ఎక్కడ దొరికితే అక్కడ అతుక్కుని, ఆ సందేశాన్ని నరికించేస్తుంది. ఆకు ఎంతవరకు పెరగాలో, పువ్వు ఎప్పుడు విచ్చాలో మొక్కలో చాలావరకు ఇలా నోళ్ళు మూయించడం ద్వారానే తేలుతుంది. ఆఫీసులు నడిచే పద్ధతే.

"ఇవెట్ల పుడతయక్కా?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"ఒక జీన్‌కి పొరపాటున నకలు పడుతుంది. ఆ నకలు తిరగబడి అసలు పక్కనే కూర్చుంటుంది. రెండూ కలిపి చదివేసరికి అది తనలోకి తనే మడతపడి హెయిర్ పిన్‌లా అవుతుంది. కణం దాన్ని ముక్కలు కోస్తుంది. ఆ ముక్క వెళ్ళి అసలు జీన్ నోరే మూస్తుంది."

"అంటే సొంత తమ్ముడే."

"అలాగే అనుకో."

"మా ఊర్ల భూమి కేసులన్నీ గిట్లనే ఉంటయ్."

అక్క నవ్వలేదు. కాకపోతే తర్వాత జూనియర్లకు పాఠం చెప్పేటప్పుడు భూమి కేసు ఉదాహరణ వాడుకుంది. నా పేరు చెప్పలేదు.

ఇలా పుట్టినవన్నీ బతకవు. మా చిల్కానగర్ వీధిలో కర్రీ పాయింట్లు పుట్టినట్టు పుడతాయి. సీరియల్ బల్బులు పెట్టి మొదలుపెడతారు, నాలుగు నెలలు తిరక్కుండా షట్టర్ మీద టు-లెట్ కాగితం అంటిస్తారు. వీధికి తెలియనైనా తెలియదు. కానీ వాటిలో ఏదో ఒకటి నిలబడుతుంది. నిలబడ్డాక ఇళ్ళల్లో కూరలు వండటం మానేస్తారు. ఆ తర్వాత అది ఒక్కరోజు మూసినా వీధి వీధంతా పస్తే. పాత చిన్న ఆర్‌ఎన్‌ఏ జన్యువులు అలా పాతుకుపోయినవి. కొత్తవి సీరియల్ బల్బుల దశలో ఉంటాయి. ఆ దశలో ఉన్నదాన్ని పట్టుకోవడమే అక్క థీసిస్.

పట్టుకుంది కూడా. ఆమె అడవి వంగలో ఒక చిన్న ముక్క దొరికింది. అది వంకాయలో లేదు, టమాటాలో లేదు, మిరపలో లేదు. సార్, అంటే మా గైడ్, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"బొడ్డు కోయకముందే పట్టేశాం! ఇవల్యూషన్ రెడ్ హ్యాండెడ్‌గా దొరికింది!" అన్నారు.

సార్‌కి ఉపమానాలంటే ఇష్టం. వాటిని ఆపించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఇంకా పుట్టలేదు.

ఆ ముక్క మూసేది ఎవరి నోరో తేలిన రోజున మాత్రం నాకు కొంచెం చలేసింది. ఏసీ వల్ల అనుకున్నాను. మొక్కకు గాయమైతే లోపలి గొట్టాల్లోంచి రసం కారిపోకుండా బిరడా పెట్టే జన్యువు ఒకటుంటుంది. కొత్త ముక్క సరిగ్గా దాన్ని ఆపుతోంది.

"గా పని దీనికెందుకక్కా? గాయమైతే కట్టు కట్టొద్దని దవాఖానోళ్ళే చెప్పినట్టుంది."

"కొత్తగా పుట్టిన జీన్‌కి బుద్ధి ఉండదురా. ఎక్కడ తగిలితే అక్కడ కొడుతుంది. చెడు చేసేదైతే కొన్ని తరాల్లో అదే పోతుంది."

"గట్లనా. మరి ఇది చూసి కొట్టినట్టుంది."

అక్క మళ్ళీ ట్యూబుల మీద పేర్లు రాయడంలో పడింది. ఆమెకు ఆ మాట మాట్లాడేంత సమయం లేదు. అప్పటికే ఓసారి గడువు పొడిగించుకుంది. ఆ ఏడాది దాటితే యూనివర్సిటీవాళ్ళు రిజిస్ట్రేషన్ కొట్టేస్తారు. ఇన్నేళ్ళూ మేడ మీద ఎండలో నిలబడినందుకు ఆమెకు మిగిలేది చేతుల మీద గీతలే.

ఇక్కడ మా ల్యాబ్ ఆచారం ఒకటి చెప్పాలి. శాంపిల్ కోసే ముందు ప్రతి మొక్కకూ ఫోటో తీయాలి. ఆ ఫోటోలు సార్ రిపోర్టుల్లోకి వెళ్తాయి. కాబట్టి ఫోటోకి ముందురోజు మొక్కలకు పెళ్ళిచూపుల ముస్తాబు. ఎండుటాకులు గిల్లడం, సాలెగూళ్ళు దులపడం, కుండీలకు ఎర్రమట్టి జాజు పూయడం, తడిగుడ్డతో కాండాలు తుడవడం. పిట్టగోడ దాటి వచ్చిన పసుపు దారాలేమైనా మొక్కలకు చుట్టుకుని ఉంటే అక్క తనే శ్రద్ధగా పీకేది. అది పరాన్నజీవి అని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే. వాళ్ళ వైపు బంగారు తీగ అంటారట. ఇంకా పాకలేదు, ఇప్పుడే వచ్చింది, పీకేస్తే పోయింది అనుకునేది. పీకిందంతా ఉండచుట్టి పిట్టగోడ మీంచి ఫ్యాక్టరీ వైపు విసిరేసేవాళ్ళం. ఆ స్థలం ఎవరిదీ కాదు కాబట్టి మాదే.

మూడో ఏడు పసుపు రంగు ఆ పొదను దాటి పక్కనున్న రేగుచెట్టు ఎక్కింది. పొద మీద పూలు పూయడం మానేశాయి. దూరం నుంచి చూస్తే ఎవరో ఆ ఆవరణకు పసుపు ఫంక్షన్ చేసి, పెళ్ళికూతుర్ని లేపడం మరిచిపోయినట్టుండేది.

కొత్త ముక్క అన్ని మొక్కల్లోనూ లేదు. పిట్టగోడ పక్క వరసలోనే ఉంది. మిగతా రెండు వరసల్లో దాని జాడ లేదు. అదీ కాండం మీద కందిగింజంత గడ్డలున్నచోటే ఎక్కువ. గోడ దగ్గర వేడి ఎక్కువ, ఆ ఒత్తిడికి కొత్త జీన్ మేలుకుంటోంది, గడ్డలు దాని పనే అని అక్క అంది. సార్ సై అన్నారు. తర్వాతనుంచి ఆమె ఆ గడ్డలనే కోసి నూరడం మొదలుపెట్టింది.

ఇంక మిగిలింది ఒక్కటే. ముక్క ఉందంటే, అది పుట్టిన జన్యువు మొక్క జీనోంలో, అంటే దాని మొత్తం అక్షరాల్లో, ఎక్కడో ఉండాలి. అదే దాని ఇల్లు. ఇల్లు చూపించకుండా థీసిస్ లేదు. నేను వెతికాను. దొరకలేదు. అడవి వంగ జీనోం అప్పటికి సగం కుట్టిన చొక్కా. చేతుల్లేవు, కాలర్ లేదు. ఆ లేని చేతుల్లో ఉండి ఉంటుందన్నారు సార్. మళ్ళీ కొత్తగా చదివించారు. ఈసారి చేతులూ కాలరూ వచ్చాయి, ఒకటి రెండు గుండీలు తప్ప.

"అక్కా, లేదు."

"మళ్ళీ వెతుకు."

"మళ్ళ ఎతికిన. తలకిందులుగ ఎతికిన. రెండక్షరాలు తేడా ఉన్నా పర్వాలేదని ఎతికిన. ఇంట్ల మాటలు ఇనిపిస్తున్నయక్కా. ఇంట్ల మాత్రం ఎవ్వరు లేరు."

ఆమె స్క్రీన్ వైపే చూస్తోంది.

"టీవీ బంద్ చేసుడు మర్సిపోయిన్రేమో," అన్నాను.

మామూలు రోజైతే చేతికున్న గ్లోవ్ తీసి నా మొహాన కొట్టేది. ఆ రోజు గ్లోవ్ తీసి, సగానికి మడిచి, టేబుల్ మీద పెట్టింది.

అదే సమయంలో పిట్టగోడ పక్క వరస వాడిపోవడం మొదలైంది. నీళ్ళు పోస్తున్నా ఆకులు పాలిపోయేవి. కొమ్మల చివర్లు వేలాడేవి. మేం రబ్బరు పొగను తిట్టాం. పాపం రబ్బరు.

వానలు మొదలయ్యాయి. ఆ వారం సార్ ఊళ్ళో లేరు, రావాల్సిన కమిటీ రాలేదు, ఫోటోలు లేవు. ముస్తాబు అవసరం రాలేదు. మేడ మీదకు ఎవరూ పోలేదు. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం అక్కా నేనూ ఎక్కాం. నాచారం మొత్తం తడిసిన అట్టపెట్టెలా ఉంది. పిట్టగోడ పక్క వరస మాత్రం పసుపుగా మెరుస్తోంది.

గోడ మీంచి దిగిన దారాలు ప్రతి కుండీనీ చుట్టుకుని ఉన్నాయి. ఆకుల్లేవు. వేళ్ళు లేవు. నేలను తాకిన దారం ఒక్కటీ లేదు. అంత శుభ్రంగా బతికేదాన్ని నేనింతవరకు చూడలేదు, మా ఊరి దళారులను తప్పిస్తే.

అక్క అలవాటు ప్రకారం వంగి ఒక దారం పట్టి లాగింది. అది సాగింది, ఆగింది, చిటుక్కున తెగింది. ఆమె చేయి అలాగే ఆగిపోయింది. తెగిన దారాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. కాండానికి ఆనుకున్న వైపున గుండుసూది మొనల్లాంటి బుడిపెలు వరసగా ఉన్నాయి. చాలావాటి కొసలు విరిగిపోయి ఉన్నాయి. కొసలు మొక్కలోనే ఉండిపోయాయి.

"ఒరేయ్, బ్లేడు ఇవ్వు."

పాత గడ్డ ఒకదాన్ని నిలువునా చీల్చింది. పచ్చటి కండలో లేత పసుపు మేకొకటి దిగబడి ఉంది. దాని చివర వేలి కొసల్లా చీలి, రసం నడిచే గొట్టాల దాకా పోయి ఉంది.

"మన ఫోటోల్లో ఇది ఒక్కదాంట్లో కూడా ఎందుకు లేదురా?"

"నువ్వే పీకేస్తవ్ గదక్కా. ఫోటో మంచిగ రావాలని."

"తీగని పీకాను," అంది. బ్లేడు కొసతో ఆ మేకును తాకి, "కోరల్ని పీకలేదు," అంది.

ఏదో ఒక జోక్ వేయాల్సిన సమయం అది. నేను గోడ అవతలికి చూశాను. మేం ఇన్నేళ్ళూ ఉండచుట్టి విసిరినచోట, విసిరిన ప్రతి ముక్కా ఏదో ఒక కొమ్మను పట్టుకుని బతికింది. జేబురుమాలును దుప్పటి చేసింది మేమే. రేగుచెట్టు ఎక్కించింది మేమే. మా ల్యాబ్‌లో అన్నిటికన్నా విజయవంతంగా పెరిగిన మొక్క అది, దానికి ఒక్క గ్రాంటు కూడా లేదు.

తీగ జీనోం ఎవరో చదివి ఎప్పుడో నెట్‌లో పెట్టారు. అందులో వెతకడానికి నాకు పట్టిన సమయంలో టీ మీద మీగడైనా కట్టలేదు. ఇల్లు దొరికింది. హెయిర్ పిన్‌తో సహా నిలబడి ఉంది. అది ఒంటరిగా కూడా లేదు. అటూ ఇటూ ఒకటి రెండు అక్షరాల తేడాతో అక్కచెల్లెళ్ళు, ఒక వీధి వీధంతా. తీగ ఆ ముక్కలను తయారుచేసి, కోరల్లోంచి మొక్కలోకి పంపి, మొక్కను తన బిరడా తనే పెట్టుకోనివ్వకుండా చేస్తోంది. ఆపించేవాడు ఇంట్లోవాడే అనుకుని మేం ఇల్లంతా వెతికాం.

సార్ ఊరినుంచి వచ్చాక అక్క అంతా చెప్పింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"ఈ తీగ ఇలా చేస్తుందని లోకానికి ఎప్పుడో తెలుసమ్మా. వేరేవాళ్ళు ఎప్పుడో చూపించారు. ఇందులో కొత్తేముంది?"

"కొత్త లేదు సార్. నిజం ఉంది."

"మన వంగ జీనోంలో ఇంకా ఖాళీలున్నాయి కదా. ఆ జీన్ ఖాళీల్లో ఉండొచ్చు అని ఒక్క వాక్యం రాయి. అది అబద్ధం కాదు. ఎగ్జామినర్ వచ్చి మేడెక్కుతాడా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె గడువు ఆయనకూ తెలుసు. అంత మెత్తగా చెప్పబట్టే నాకు భయమేసింది.

సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గర అక్క గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడింది.

"నువ్వైతే ఏం చేస్తావురా?"

"నేనైతే రాసేస్త. రాసి, మేడ మెట్లకు తాళం ఏస్త."

"ఆ వాక్యం నా థీసిస్‌లో ఉంటుంది. పైకి నున్నగా కనిపిస్తుంది. రేపెప్పుడో ఎవరైనా పీకినా కొస లోపలే ఉంటుంది. నేను చచ్చేదాకా."

"సరే, జర టీ అయితే తాగు. సచ్చేదాకా మస్తు టైముంది, టీకి లేదు."

తాగింది. గ్లాసు బండి మీద పెట్టి, "రాయను," అంది.

థీసిస్ ఇవ్వబోయే ముందు అందరి ఎదుటా ఒక సెమినార్ ఇవ్వాలి. అక్క మొదటి స్లయిడ్‌లోనే ముస్తాబు లేని ఫోటో పెట్టింది. వాన తడి, ఎండుటాకులు, జాజు కారిపోయిన కుండీ, దాన్ని చుట్టుకున్న పసుపు. సార్ మొదటి వరసలో కూర్చుని తన చేతి గడియారాన్ని అదేదో కొత్త వస్తువన్నట్టు చూసుకున్నారు. తన కొత్త జన్యువు తనది కాదని, ఆ మొక్కదీ కాదని ఆమె మామూలు గొంతుతో చెప్పింది. కమిటీవాళ్ళు లోపల తలుపేసుకుని మాట్లాడుకుని, వచ్చే ఎండాకాలం దాకా సమయమిచ్చారు. ఇదే ఆఖరు అన్నారు. ఆ అధ్యాయం తీసేయాలి. దాని బదులు తీగ జన్యువు ఎలా మారుతూ వస్తోందో చూపించాలి.

అందుకని ఇప్పుడు మేం ఉప్పల్ చుట్టుపక్కల పసుపు దారాలు ఏరుకుంటూ తిరుగుతున్నాం. లాలాపేట్‌లో ఫ్లైఓవర్ పక్కన ఒక పొద మీద దొరికింది. దమ్మాయిగూడలో ఇళ్ళు ఇంకా లేని కొత్త వెంచర్ గోడ మీద దొరికింది. మనుషులకన్నా ముందే గృహప్రవేశం చేసింది. లాలాపేట్ తీగ ముక్కకూ దమ్మాయిగూడ తీగ ముక్కకూ కొన్ని అక్షరాల తేడా ఉంది. ఆ తేడాలు ఎక్కడపడితే అక్కడ లేవు. ఆతిథ్యమిచ్చే మొక్కల జన్యువులో ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ ఏ అక్షరాలు మారతాయో, సరిగ్గా వాటి ఎదుట అక్షరాలే ఇందులోనూ మారాయి. మొక్క మార్చుకోలేని అక్షరాల ఎదుట ఇదీ మారలేదు. తాళాలెన్ని రకాలుంటే అన్ని తాళంచెవులు చేయించి పెట్టుకున్నట్టుంది. అది చూసినప్పటినుంచి నాకు కర్రీ పాయింట్ ఉదాహరణ చెప్పబుద్ధి కావడం లేదు.

మొన్న మా ఓనర్ ఆంటీ కింద నుంచి కేకేసింది.

"బాబూ, గిదేంది మందారం చెట్టు మీద పసుపు దారం? ఎవరన్నా చేతబడి జేసిన్రా?"

దారాలు ఏరుకొచ్చే నా బ్యాగు ఆ చెట్టు పక్కనే పెడతాను రోజూ.

"చేతబడి కాదాంటీ, సైన్స్ జేసిన్రు," అన్నాను. ఆమె ఇంకా ఎక్కువ భయపడింది. ఆ కొమ్మలు మొదలుకంటా కోసి కాల్చేశాం. ఉండచుట్టి విసరలేదు.

నిన్న మేడ మీద అక్క పిట్టగోడ పక్కన ఒకే ఒక్క కొత్త కుండీ పెట్టింది. కాండం మీద ఒక్క మచ్చ లేని, నిగనిగలాడే వంగ మొక్క. దానికి తీగ పట్టాలి. పట్టిన గంటనుంచి మొక్క వాడిపోయేదాకా ఆమె శాంపిళ్ళు తీయాలి. ఆమె డాక్టరేట్ ఇప్పుడు ఆ మొక్క ఎంత చక్కగా చస్తుందన్నదాని మీద ఉంది. సార్ ఎవరినో వెంటబెట్టుకుని వస్తారని కబురొస్తే, నేను అలవాటుగా తడిగుడ్డ పట్టుకున్నాను.

"ముట్టుకోకు," అంది అక్క.

గోడ మీంచి ఒక లేత దారం గాల్లోకి చాచి ఉంది. దానికి కళ్ళు లేవు. మొక్క వాసన పట్టి అటు వంగుతుందట. కుండీకీ దానికీ మధ్య గోడకానుకుని నేను కూర్చుని ఉన్నాను. మొదట గాలికి ఊగుతోందనుకున్నాను. గాలి లేదు. బిస్కెట్ల వాసనా లేదు, రబ్బరు వాసనా లేదు.

"ఒరేయ్, దానికి అడ్డం నుంచి లే."

లేచాను. ఆ మేడ మీద నేను అడ్డం నుంచి లేవాలని ఆ దారమంత ఓపిగ్గా ఎదురుచూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.